పెరటిలో టమాటా పెంపకము

పెరటి చెట్టు మందునకు పనికిరాదని మన పెద్దలు ఒక సామెత చెప్పిరి. దగ్గరనున్న వస్తువు విలువ మనకు తెలియదని దాని భావము. నేటి నగరములో ఆ సామెతకు చోటే లేకపోయినది. పనికిరాదనుటకైనను పెరట ఒక చెట్టు లేని ఇండ్లే ఎక్కువ. ప్రతిదినము మన వంటలో పడు కూరగాయలలో ఉల్లి తరువాత టమాటాయే ముఖ్యము. ఇంత నిత్యమైన కాయ ఏ నెలలో పూయునో, ఏ వేడికి పూత రాల్చునో, ఏ నీటిలోపము వలన కుళ్ళునో మనలో చాలమందికి తెలియదు. ధర పెరిగినప్పుడు మాత్రము దానిని గూర్చి మాట్లాడుకొందుము.

భాషాధ్యాపకునకు తోటపనితో ఏమి సంబంధమని విద్యార్థులు అడుగవచ్చును. సేద్యమును గూర్చిన జ్ఞానమును తెలుగు రైతు మొదట భాషలోనే దాచుకొనెను. “అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు” అని సామెత. అదను అనగా తగిన కాలము. పదును అనగా నేలలో తగిన తేమ. టమాటా పెంపకములోని కష్టసుఖములన్నియు ఈ రెండు మాటలలోనే ఇమిడియున్నవి. శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రత అనియు, నేల తేమ అనియు కొలిచి చెప్పునవి ఇవియే. ఈ రెంటిని తెలిసికొన్నవారికి చిన్న కుండీ అయినను ఫలించును. తెలియనివారికి మంచి నేలయు నిష్ఫలమగును.

పేరు, పుట్టుక

టమాటా మన దేశపు పంట కాదు. దాని అడవి జాతులు దక్షిణ అమెరికా పడమటి భాగమున, నేటి పెరూ, ఈక్వడార్ దేశముల ప్రాంతములలో పుట్టినవి. దానిని సాగులోనికి తెచ్చి ఆహారముగా తీర్చినవారిలో మెక్సికో ప్రజలు ముఖ్యులు. వారి నవాటిల్ భాషలోని ‘తొమాత్ల్’ అను మాట స్పానిష్ భాషలో ‘తొమాతే’ అయి, ఆంగ్లమున ‘టొమాటో’ అయి, తెలుగున టమాటాగను, ఉర్దూన టమాటర్‌గను స్థిరపడినది. హైదరాబాదులో దక్కనీ మాట్లాడు ఇండ్లలో ‘టమాటే’ అందురు. తెలుగువారు దీనికి రామములగ అను పేరును కూడ పెట్టుకొనిరి. పదునారవ శతాబ్దికి పూర్వము ఐరోపాకు గాని, మన దేశమునకు గాని టమాటా తెలియదు. కాకతీయుల కాలపు వంటశాలలో ఇది లేదు. అట్టి పరదేశపు కాయ నేడు టమాటా పప్పుగా తెలుగువారి విస్తరిలోను, టమాటే కా కట్‌గా హైదరాబాదీ దస్తర్‌ఖాన్ మీదను కూర్చున్నది.

వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు దీని బంధువులే. 1753లో లినేయస్ దీనిని వంగ ప్రజాతిలో చేర్చి సొలానమ్ లైకోపెర్సికమ్ అని పేరు పెట్టెను. 1768లో మిల్లర్ దీనిని విడదీసి వేరు ప్రజాతిగా చేసెను. పాత పాఠ్యపుస్తకములలో కనబడు లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అను పేరు అతడు పెట్టినదే. నేటి శాస్త్రజ్ఞులు మరల లినేయస్ పెట్టిన పేరునకే తిరిగివచ్చిరి. 2012లో 14 దేశముల శాస్త్రజ్ఞులు కలిసి టమాటా జన్యుపటమును ప్రకటించిరి. అందు అయిదవ క్రోమోజోము పనిని భారతీయ శాస్త్రజ్ఞులు చేసిరి. మన నగరములోని హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో టమాటా జన్యువనరుల భాండాగారము కలదు. మన విద్యార్థులు ఈ మొక్కను చిన్నచూపు చూడరాదని చెప్పుటకే ఈ మాట.

మన నేల, మన నీరు

అంబర్‌పేట నుండి విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా తార్నాక వరకు గల ప్రదేశము గ్రానైటు రాళ్ళు శిథిలమై ఏర్పడిన ఎర్రనేల. రైతులు దీనిని చల్క అందురు. ఈ నేల నీటిని త్వరగా జారవిడుచును. టమాటా వేళ్ళకు ఇది మేలే, నీరు నిలిచిన చోట అవి కుళ్ళిపోవును. అయితే చల్కలో సత్తువ తక్కువ, తేమ నిలువదు. కనుక పశువుల ఎరువు, ఆకు ఎరువు తప్పనిసరి.

ఇండ్ల తీరు మారినది. పెరడు గల ఇండ్లు తగ్గినవి, అంతస్తుల ఇండ్లు పెరిగినవి. పెరడు పోయినను మిద్దె మిగిలినది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారున తమ ఇంటి మిద్దెపై కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అను పుస్తకము వ్రాసి, ఆ మాటను తెలుగు ఇండ్లలో వ్యాప్తికి తెచ్చిరి. కనుక స్థలము లేదను మాట చెల్లదు. రోజుకు ఆరు గంటలు ఎండ తగులు చోటు ఉన్నచో చాలును.

నీటి విషయము మన పేటకు ప్రత్యేకమైనది. మూసీనది మన ప్రక్కనే పారుచున్నది. నగరపు మురుగు అందులో కలియుచున్నది. అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రము రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల సామర్థ్యముతో నిర్మింపబడినది. నది పొడవునను ఆ నీటితో పశుగ్రాసము, ఆకుకూరలు పెంచు పొలములు ఏనాటినుండియో కలవు. శుద్ధికాని మురుగుతో పెరిగిన కూరగాయలను పచ్చిగా తినినచో కడుపులో నులిపురుగులు, అతిసారము కలుగు ప్రమాదము కలదు. టమాటాను మనము పచ్చిగాను తిందుము. తన కూర ఏ నీటితో పెరిగినదో ఎరిగి తినుట ఇంటి తోట ఇచ్చు మొదటి లాభము. తోటకు నల్లా నీరు గాని, బియ్యము, కూరగాయలు కడిగిన నీరు గాని వాడవలెను. సబ్బు నీరు, నీటి శుద్ధి యంత్రము వదలివేయు ఉప్పు నీరు పోయరాదు.

అదను

మా మొక్క ఏపుగా పెరిగినది, పూత విరివిగా వచ్చినది, కాయ మాత్రము నిలువలేదు అను ఫిర్యాదు తరచుగా వినుచుందుము. విత్తనము మంచిది కాదని దుకాణదారుని నిందింతురు. కారణము చాలవరకు విత్తనము కాదు, నెల. పగటి వేడి 35 డిగ్రీలను, రాత్రి వేడి 24 డిగ్రీలను దాటినచో టమాటా పుప్పొడి శక్తిహీనమగును. పూత రాలిపోవును. పగటి వేడికంటె రాత్రి వేడి ముఖ్యమని గుర్తింపవలెను. కాయ నిలుచుటకు 15 నుండి 20 డిగ్రీల రాత్రులు అనుకూలము. హైదరాబాదులో అట్టి రాత్రులు నవంబరు నుండి ఫిబ్రవరి వరకే లభించును. ఏప్రిల్, మే నెలలలో ఎంత నీరు పోసినను, ఎంత ఎరువు వేసినను సాధారణ రకములు సరిగా కాయవు.

కనుక మన ప్రాంతమున ఇంటి తోటకు పంచాంగము ఇట్లుండవలెను. సెప్టెంబరు చివరి వారము నుండి అక్టోబరు మొదటి వారము లోపల విత్తనము వేయవలెను. 25 నుండి 30 రోజులకు నారు నాటుటకు సిద్ధమగును. నాటిన నెల రోజులకు పూత, సుమారు 70 రోజులకు మొదటి పండ్లు. అనగా జనవరి నుండి మార్చి వరకు కోత. జూన్‌లో మృగశిర కార్తె వానలతో వేయు వారును కలరు. అప్పుడు వానదెబ్బ, ఆకుమచ్చ తెగులు ఎక్కువ. క్రొత్తగా మొదలుపెట్టువారు శీతకాలపు పంటతో మొదలుపెట్టుట మేలు.

విత్తనము, నారు

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా రూబీ, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క వికాస్, తమిళనాడు పెరియకుళము నుండి వచ్చిన పి.కె.ఎం.1 ఇంటి తోటకు తగిన సూటి రకములు. వీని పండ్లనుండి విత్తనము తీసి మరుసటి సంవత్సరము వాడుకొనవచ్చును. అర్క రక్షక్ వంటి సంకర రకములు తెగుళ్ళను బాగుగా తట్టుకొనును. కాని వాని పండ్లనుండి తీసిన విత్తనము తల్లి గుణములను నిలుపదు, ప్రతిసారియు కొనవలసినదే. ఈ భేదమును గూర్చి తరగతిలో మెండెల్ సూత్రములుగా చదువుకొనుచునే, విత్తనపు పొట్లము కొనునప్పుడు మరచిపోవుదుము.

నాలుగైదు మొక్కలకు 15 విత్తనములు చాలును. వెడల్పయిన పళ్ళెము వంటి కుండీలో జల్లించిన మట్టి, ఆకు ఎరువు సమముగా కలిపి, విత్తనమును ఒక సెంటీమీటరు లోతున వేసి, పలుచగా కప్పి, నీటిని చిలుకరింపవలెను. వారము రోజులలో మొలక వచ్చును. నీరు ఎక్కువైనచో లేత కాండము మొదటిలో మెత్తబడి నారు పడిపోవును. దానినే నారుకుళ్ళు అందురు. పలుచగా విత్తుట, గాలి తగులనిచ్చుట, సాయంకాలము గాక ఉదయము నీరు చల్లుట దానికి మందు.

నాటుట

కుండీ 12 అంగుళముల వెడల్పునకు, అంతే లోతునకు తక్కువ కారాదు. అడుగున రంధ్రములు ఉండవలెను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక గాని కొబ్బరి పొట్టు గాని ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చవలెను. మాగని పచ్చి పేడ వేసినచో చెద, వేరుకుళ్ళు వచ్చును. మిద్దెపై కుండీలను నడుమ గుంపుగా పెట్టక, గోడల మీద, దూలముల మీద బరువు పడునట్లు అంచుల వెంట పేర్చవలెను.

నాలుగైదు ఆకులు వచ్చిన నారును ఎండ తగ్గిన సాయంకాలము నాటవలెను. క్రింది ఆకులను తుంచి, కాండమును సగము వరకు మట్టిలో పూడ్చవచ్చును. టమాటా కాండము మట్టి తగిలిన చోటనెల్ల వేళ్ళు వేయును. ఈ గుణము వలన మొక్క గట్టిగా నిలుచును. నాటిననాడే నాలుగడుగుల కర్ర పాతి, మొక్క పెరిగిన కొలది నూలు పీలికతో వదులుగా కట్టవలెను. పొడవుగా పెరుగు రకములలో ఆకు గిల్లలందు వచ్చు ప్రక్క కొమ్మలను చిన్ననాడే గిల్లివేయవలెను. కిందటిసారి వంగ, మిరప వేసిన మట్టిలో వెంటనే టమాటా వేయరాదు. ఒకే కుటుంబపు తెగుళ్ళు ఆ మట్టిలో పొంచియుండును. నడుమ ఒకసారి చిక్కుడు గాని, మెంతికూర గాని వేయవలెను.

పదును

టమాటా తోటలో కనబడు దోషములలో మూడు పాళ్ళు నీటివలననే కలుగును. కాయ అడుగుభాగమున నల్లని మచ్చ ఏర్పడి, తోలువలె ఎండి, కుళ్ళుట చాలమంది చూచియుందురు. దానిని పురుగు పనియని తలచి మందు చల్లుదురు. అది పురుగు కాదు, తెగులును కాదు. కాయకు సున్నపు ధాతువు అందకపోవుట వలన కలుగు లోపము. సున్నము మట్టిలో ఉన్నను, దానిని మోసికొనిపోవునది నీరు. మూడు రోజులు ఎండబెట్టి నాలుగవనాడు ముంచెత్తినచో ఆ రవాణా తెగిపోవును. కోడిగ్రుడ్డు పెంకులు వేయుమని సలహా ఇత్తురు. అవి కరగుటకు నెలలు పట్టును. అసలు మందు ప్రతిదినము ఒకే కొలతలో నీరు పోయుట.

కాయలు పగులుటకును ఇదియే కారణము. ఎండిన మొక్కకు ఒక్కసారిగా నీరు దొరకినచో లోపలి గుజ్జు ఉబ్బి తొక్క చిట్లును. నల్లా రెండు రోజులకొకసారి వచ్చు వీధులలో నీటిని డ్రమ్ములో పట్టి, దోమలు చేరకుండ మూతపెట్టి, రోజువారీగా కొలిచి పోయవలెను. మట్టిలో వ్రేలు పెట్టి చూచి, రెండు అంగుళముల లోతున చల్లదనము తగిలినచో ఆనాడు నీరు అక్కరలేదు. మొదటి చుట్టు ఎండుటాకులు పరచినచో తేమ నిలుచును. ఆకుల మీద గాక మొదటిలోనే నీరు పోయవలెను.

పూత, తుమ్మెద

టమాటా పువ్వులో పుప్పొడి గొట్టము వంటి కేసరములలో మూయబడి యుండును. ఆ గొట్టము అదిరినప్పుడే పొడి జారి కీలాగ్రముపై పడును. గాలి కొంతవరకు ఆ పని చేయును. తేనెటీగకు ఆ విద్య తెలియదు. కొయ్యలో గూడు తొలుచుకొను నల్లని తుమ్మెద మాత్రము పువ్వును పట్టుకొని, రెక్కల కండరములతో ఝుమ్మని అదిలించి పుప్పొడిని రాల్చుకొనును. మన కవులు తరతరములుగా వర్ణించిన భ్రమర ఝంకారము వట్టి సంగీతము కాదు, అందు పని యున్నది. తుమ్మెదలు రాని మిద్దెలపై ఉదయము పది గంటల వేళ పూగుత్తి కాడను వ్రేలితో మెల్లగా తట్టినచో ఆ లోటు కొంత తీరును.

చీడపీడలు

ఆకులు పైకి ముడుచుకొని, పసుపుపచ్చనై, మొక్క గిడసబారినచో అది ఆకుముడత తెగులు. వైరస్ వలన వచ్చును, తెల్లదోమ దానిని మోయును. సోకిన మొక్కకు మందు లేదు. జాలిపడక పెరికివేయవలెను. పసుపురంగు అట్టలకు ఆముదము పూసి మొక్కల నడుమ కట్టినచో దోమ అంటుకొనును. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీటిలో రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లినచో దోమ, పేనుబంక అదుపులో నుండును. కాయతొలుచు పురుగు ఆకర్షణకు బంతి మొక్కలను ముందుగా పెంచి ప్రక్కన ఉంచవలెను. తల్లి పురుగు బంతిపూలపై గ్రుడ్లు పెట్టును. ఆ పూలను గిల్లి నశింపజేయవలెను. బీడీ, సిగరెట్టు ముట్టిన చేతులు కడుగక మొక్కను తాకరాదు. పొగాకులోని మొజాయిక్ వైరస్ దాని బంధువైన టమాటాకు సంక్రమించును.

పండు, పోషణ

కాయ ఎర్రబడుటకు లైకోపీన్ అను వర్ణద్రవ్యము కారణము. వేడి 30 డిగ్రీలు దాటినచో అది సరిగా ఏర్పడదు. అందువలననే వేసవి పండ్లు నారింజ రంగులో నిలిచిపోవును. రంగు తిరిగిన కాయను కోసి ఇంటిలో ఉంచినను పండును. శీతలపు పెట్టెలో పెట్టినచో రుచి తగ్గును.

1918లో కూనూరులో ప్రారంభమై 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే కలదు. ఆ సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థముల పట్టికలను ప్రకటించినది. 100 గ్రాముల పండిన టమాటాలో సుమారు 25 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. వండినచో ఆ విటమిను కొంత నశించును. లైకోపీన్ మాత్రము నూనెతో ఉడికించినప్పుడే దేహమునకు బాగుగా అందును. కనుక పచ్చిగా కొంత, వండి కొంత తినుట యుక్తము.

ధర, నిల్వ

2023 జూలైలో దేశమంతటను టమాటా ధర పెరిగి, హైదరాబాదులో కిలో 100 రూపాయలు దాటినది. అదే సంవత్సరము సెప్టెంబరు నాటికి ధర కూలి, మన రైతులు పంటను రోడ్డున పారబోసిన వార్తలు వచ్చినవి. ఆ సంవత్సరపు ధరలకు వానలు, తెగుళ్ళు వంటి కారణములును కలవు. కాని వేసవిలో పూత నిలువకపోవుట వలన వర్షారంభమున సరకు తగ్గుట దాదాపు ప్రతియేటి కథ. పండు నిల్వయుండని గుణము వలన ధర ఎంత త్వరగా ఎక్కునో అంత త్వరగా దిగును.

ఇచట ఒక నిజము చెప్పవలసియున్నది. ఇంటి తోట ఉన్నచో టమాటా కొనుబాధ తప్పునని కొందరు చెప్పుదురు. మన మిద్దెపై పండు జనవరి, మార్చి నెలల నడుమ వచ్చును. అప్పుడు బజారులోను చౌకయే. జూలైలో బజారున లేనప్పుడు మన మొక్కయు కాయదు, రెంటికిని ఒకే ఎండ. కాబట్టి ఇంటి తోట వలన సొమ్ము మిగులవలెనన్నచో పండించుటతో పాటు నిల్వచేయుటయు నేర్వవలెను. మన నాయనమ్మలకు ఆ విద్య తెలియును. ఎండలు ముదిరిన మార్చిలో పండ్లను చక్రములుగా తరిగి, ఉప్పు చల్లి, పలుచని బట్ట కప్పి, గలగలలాడు వరకు ఎండబెట్టినచో వరుగు అగును. పండులో నూటికి 94 పాళ్ళు నీరే. 20 కిలోల పండ్లలో ఉన్న గట్టి పదార్థము 1 కిలో 200 గ్రాములు మాత్రమే. ఒక పెద్ద సీసాలో అది ఇముడును. చింతపండు, ఉప్పు, కారము చేర్చిన నిల్వ పచ్చడి సంవత్సరము నిలుచును. మార్చి ఎండను జూలై కూరకు దాచుకొనుట ఇదియే.

కళాశాలకు ఒక మనవి

1917లో స్థాపింపబడిన అనువాద శాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. ఆ గ్రంథముల బలముతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నత విద్యను ఉర్దూలో బోధించుటకు ప్రారంభమైనది. వృక్షశాస్త్రము అందు ‘నబాతియాత్’ అయ్యెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ పనినే తెలుగున చేసెను. ఈ రెండు సంప్రదాయములకును వారసులము మనము. కళాశాల మిద్దెపై ఎనిమిది కుండీలకు చోటు ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాను.

ఒకేనాడు పెరిగిన, ఒకే రకపు నారు నాటి, నాలుగు కుండీలకు రోజుకు ఒక లీటరు చొప్పునను, నాలుగు కుండీలకు మూడు రోజులకొకసారి మూడు లీటర్ల చొప్పునను నీరు పోయవలెను. మొత్తము నీరు రెంటికిని సమానమే. ఎన్ని కాయలు పగిలినవి, ఎన్నింటి అడుగు నల్లబడినది, ఎన్ని మంచివి వచ్చినవి అని లెక్క వ్రాయవలెను. అక్టోబరులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి విత్తి, పూతకు ఎన్ని పిందెలు నిలిచినవో పోల్చవలెను. ఉర్దూ విద్యార్థులు ఉర్దూలోను, తెలుగు విద్యార్థులు తెలుగులోను దినచర్య వ్రాసి, వారమునకొకసారి ఒకరిది ఒకరు చదివి సరిచూచుకొనవలెను. పదును అను మాటకు ఉర్దూలో సరియైన మాట ఏదియో, ఆబ్‌పాషీకి తెలుగులో ఏ మాట తగునో అప్పుడే తేలును.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు, పెద్ద ఖర్చును లేదు. కావలసినది ప్రతి ఉదయము ఎవరో ఒకరు వచ్చి మట్టిలో వ్రేలు పెట్టి చూచుట. సెలవులలో ఆ వంతు ఎవరిదో ముందే నిర్ణయించుకొన్నచో వచ్చే జనవరికి ఫలితములు మన చేతికందును. వానిని పై సంచికలో ఈ రెండు భాషలలోను ప్రకటింపవచ్చును.